మీడియమా? తెలుగు మీడియమే!

సినిమా పిచ్చి ఉన్న మిత్రులకి ఒక చిన్న ప్రశ్న. వెండితెర మీద మీరు చూసిన భోజనాల్లో నోరూరించిన భోజనం ఏది?

మనవాళ్ళలో చాలామంది తడుముకోకుండా ‘మాయాబజార్’ అంటారు. 1957లో వచ్చిన సినిమా. ఇప్పటికీ టీవీలో వేస్తే చానల్ మార్చబుద్ధి కాదు. పెళ్ళివారి కోసం చేసిన వంటకాల మధ్య ఎస్వీ రంగారావు గారు ఒక్కరే కూర్చుని చేసిన విందు, లడ్లు వాటంతట అవే లేచి ఆయన నోట్లోకి వెళ్ళిపోవడం... కె.వి. రెడ్డి గారి దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లీ గారి కెమెరా కలిసి చేసిన ఆ గమ్మత్తు చూస్తే అప్పుడే భోంచేసి వచ్చినవాడికి కూడా మళ్ళీ ఆకలేస్తుంది!

ఇంగ్లీషు సినిమాలు చూసేవాళ్ళని అడగండి. వాళ్ళకి గుర్తొచ్చేది స్టేక్. బొటనవేలు మందాన కోసిన మాంసం ముక్కని నిప్పుల మీద కాల్చి, పళ్ళెంలో ఒంటరిగా కూర్చోబెట్టి, పక్కన కత్తీ ఫోర్కూ పెట్టి ఇస్తారే... అదీ!

జాన్ ఫోర్డ్ 1962లో తీసిన ‘ది మేన్ హూ షాట్ లిబర్టీ వాలెన్స్’లో లా చదివిన జేమ్స్ స్టూవర్ట్ గతిలేక ఒక పూటకూళ్ళ ఇంట్లో ఏప్రన్ కట్టుకుని వడ్డన చేస్తుంటాడు. జాన్ వేన్ కోసం స్టేక్ తీసుకెళ్తుంటే రౌడీ లీ మార్విన్ కాలు అడ్డం పెట్టి పడేస్తాడు. స్టేక్ నేలపాలు! నువ్వే తియ్యాలంటాడు వేన్. తియ్యనంటాడు మార్విన్. చేతులు తుపాకుల దగ్గరికి వెళ్తాయి. చివరికి స్టూవర్టే విసుగెత్తి వంగి ముక్క తీసి పళ్ళెంలో పడేస్తాడు. గొడవంతా మాంసం కోసమా? మర్యాద కోసం!

ఇక చార్లీ చాప్లిన్. ‘ది గోల్డ్ రష్’ (1925)లో మంచులో చిక్కుకుని, ఆకలికి ఆగలేక బూటు ఉడకబెట్టుకుని, దాన్ని స్టేక్‌లాగే దర్జాగా కత్తితో కోసుకు తింటాడు. మేకుల్ని ఎముకల్లా చప్పరిస్తాడు. అన్నట్టు, అది నిజం బూటు కాదు. దగ్గుకి మన ఇళ్ళల్లో వాడే అతిమధురం ఉంది చూశారూ, దాంతో చేసిన మిఠాయి!

‘ది మేట్రిక్స్’ (1999)లో అయితే ద్రోహి పాత్ర వేసినాయన స్టేక్ ముక్క ఫోర్కుకి గుచ్చి పట్టుకుని, ఇది నిజం కాదని తెలిసి కూడా కళ్ళు మూసుకుని తింటాడు. ఆ సుఖం కోసం తోటివాళ్ళనే అమ్మేస్తాడు.

మరి మన సినిమాల్లో? మన సినిమాల్లో స్టార్ హోటలు సీను అంటే ఒక్కటే. పల్లెటూరి మనిషి తెల్లటి గుడ్డ పరిచిన టేబుల్ ముందు కూర్చుంటాడు. కత్తి తిరగేసి పట్టుకుంటాడు. కోయబోతే కోడికాలు గాల్లోకి ఎగిరి పక్క టేబుల్ ఆవిడ ఒళ్ళో పడుతుంది. చేతులు కడుక్కునే నిమ్మకాయ నీళ్ళు గటగటా తాగేస్తాడు. హాలంతా నవ్వు!

ఆ సీనుకి నందిగామ హాల్లో నేనూ, మా నాన్నా పక్కపక్కన కూర్చుని కడుపుబ్బ నవ్వాం. తర్వాత కొన్నేళ్ళకి నిజంగా అలాంటి టేబుల్ ముందు కూర్చోవలసి వచ్చినప్పుడు తెలిసింది, ఆ నవ్వు మన ఒంట్లో ఎంత లోతుకి దిగి ఉంటుందో!

రెండు టోల్ గేట్ల మధ్య

మాది నందిగామ. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే దారిలో జగ్గయ్యపేట దాటాక చిల్లకల్లు టోల్ గేటు, ఇంకా ముందుకెళితే కీసర టోల్ గేటు. ఆ రెంటికీ మధ్య మా ఊరు. 2022 ఏప్రిల్ నుంచి మాది ఎన్టీఆర్ జిల్లా. కాగితాల మీద పేరు మారినా మా నోట్లో మాత్రం ఇంకా కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమే. డెల్టావాళ్ళకి కాలవలూ వరిచేలూ ఉంటే మాకు పత్తి, మిరప, మామిడి. రోడ్డు నంబరు కూడా మారింది. ఒకప్పటి 9వ నంబరు జాతీయ రహదారి ఇప్పుడు 65.

నాన్న జగ్గయ్యపేట డిపోలో బస్సు కండక్టరు. 31 ఏళ్ళ సర్వీసు చేసి రిటైరయ్యాడు. రాత్రి బస్సు దారిలో హోటలు ముందు ఆగితే ఆయన గొంతు సగం బస్సుని నిద్ర లేపేది. “బండి పది నిమిషాలు ఆగుద్ది! భోంచేసేవాళ్ళు దిగండి! పదే నిమిషాలు!”

బస్సు ఆపితే నలభై మంది దిగుతారు కాబట్టి డ్రైవరుకీ కండక్టరుకీ హోటలువాళ్ళు లోపలి బల్ల మీద ఊరికే భోజనం పెట్టేవాళ్ళు. ఆ రోడ్డు మీద తిరిగినవాళ్ళందరికీ తెలిసిన ఆనవాయితీ అది. వేసవి సెలవుల్లో నేనూ రెండు మూడుసార్లు ఆ బల్ల మీద తిన్నాను. స్టీలు పళ్ళెం, వేడి అన్నం, మా మెట్ట మిరపకాయంత ఎర్రగా కోడి పులుసు. నాన్న ఎప్పుడూ గడియారం చూస్తూనే తినేవాడు. అందరికంటే ముందు లేచి చెయ్యి కడుక్కునేది ఆయనే.

ఇంటి దగ్గర ఆదివారం ఆదివారం మటన్. చింతచిగురు వచ్చే రోజుల్లో చింతచిగురు వేసి, మిగతా రోజుల్లో గోంగూర వేసి వండేది అమ్మ. ఒకటే గిన్నె. ముక్క ఎంతసేపు ఉడకాలో ఆవిడ ఇష్టం. ఎవరికి ఏ ముక్క వెయ్యాలో కూడా ఆవిడ ఇష్టమే. ‘నీకెలా కావాలి?’ అన్న ప్రశ్న మా వంటింట్లో పుట్టనే లేదు. ఇంకొంచెం వేసుకో అనే బలవంతం మాత్రం బోలెడు!

నలుగురు విలేకర్లు, ఒక ప్రశ్న

నేను స్టేక్ హౌస్ గడప మొదటిసారి తొక్కింది సొంత డబ్బుతో కాదు. ఐదారేళ్ళ క్రితం ఒక సినిమా విడుదలకి ముందు పి.ఆర్.ఓ. గారు మా నలుగురు విలేకర్లని జూబ్లీ హిల్స్‌లో ఒక చోటికి తీసుకెళ్ళారు. పేరెందుకు లెండి. లోపల వెలుతురు ఎంత తక్కువంటే, మెనూ చదవడానికి ఫోన్లో టార్చి వెయ్యాల్సి వచ్చింది. ధరల పక్కన రూపాయి గుర్తు లేదు. వట్టి అంకెలు. 1650, 2100... ఏదో సర్వే నంబర్లు చదువుతున్నట్టుంది!

ఆర్డరు తీసుకోవడానికి వచ్చిన కుర్రాడు వినయంగా వంగి అడిగాడు. “ఎలా చేయించమంటారు సార్? రేర్? మీడియం? వెల్‌డన్?”

నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మాలో గుంటూరు మిత్రుడు గొప్ప హాస్యప్రియుడు. “మీడియమా? మాది తెలుగు మీడియమే బాబూ!” అన్నాడు. టేబులంతా నవ్వు. సర్వ్ చేసే కుర్రాడు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ తర్వాత ఏమైంది? మిత్రుడు ‘మీడియం’ అన్నాడు. రెండో ఆయనా మీడియమే. మూడో ఆయనా. నేనూ.

రాత్రి బస్తీలో నా గదికి తిరిగొచ్చాక అదే ఆలోచన. హీరోల్ని, దర్శకుల్ని వందల ప్రశ్నలు అడిగే నలుగురం ఒక్క ప్రశ్నకి సొంత జవాబు చెప్పుకోలేక ఒకే మాట పట్టుకుని వేలాడాం. కత్తీ ఫోర్కూ పట్టుకోవడం పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. మన ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళని ఇలాంటి చోట నిజంగా కంగారు పెట్టేది ఆ ప్రశ్నే. నీకెలా కావాలి? ఏ కోర్సు చదవాలో, ఏ ఉద్యోగం చెయ్యాలో, ఎవర్ని చేసుకోవాలో అన్నీ ఒకటే గిన్నెలో ఉడికిన ఇళ్ళ నుంచి వచ్చాం మరి!

ముక్క వెనక కథ

ఆ ప్రశ్న సంగతేమిటో తేల్చుకుందామని చదివాను, వంటవాళ్ళని అడిగాను. తెలిసింది చెబుతాను వినండి.

జంతువు ఒంట్లో ఏ కండ ఎక్కువ పనిచేస్తే అది అంత గట్టిగా ఉంటుంది. కాళ్ళకీ మెడకీ పని ఎక్కువ. వెన్నెముకకి అటూ ఇటూ ఉండే కండకి పని తక్కువ, కాబట్టి మెత్తగా ఉంటుంది. స్టేక్‌కి కోసేది ముఖ్యంగా ఆ మెత్తటి కండనే. టెండర్‌లాయిన్, సర్‌లాయిన్, రిబ్ ఐ... అన్నీ వెన్ను వెంబడి వచ్చే ముక్కల పేర్లే. మెత్తటిది కాబట్టి గబగబా కాల్చేస్తే చాలు.

బాగా కాలిన పెనం మీద పడగానే ముక్క పైభాగం గోధుమరంగుకి తిరిగి కమ్మటి వాసన వస్తుంది చూశారూ, దానికి కారణమైన రసాయన చర్యని 1912లో మెయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు. మన వేపుడు అడుగున అంటుకునే ఆ మాడీ మాడని రుచి కూడా అదే! లోపలి వేడి 50 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే రేర్, లోపల ఎర్రగా ఉంటుంది. 60 దగ్గర మీడియం, గులాబి రంగు. 70 దాటితే వెల్‌డన్, ఎరుపు మాయం. పొయ్యి మీంచి దించాక ముక్కని నాలుగైదు నిమిషాలు కదపకుండా ఉంచాలి. వెంటనే కోస్తే రసమంతా పళ్ళెంలోకి కారిపోతుంది.

మరి కాళ్ళు, మెడ, ఎముకల ముక్కలు? వాటికి కాల్చడం పనికిరాదు. నీళ్ళలో సన్నటి సెగ మీద గంటలకొద్దీ ఉడకాలి. అప్పుడు ఆ గట్టి నరాలు కరిగి పులుసు చిక్కబడుతుంది. అంటే మా అమ్మ చేసేది స్టేక్ కంటే తక్కువ రకం వంటేమీ కాదు. గట్టి మాంసాన్ని లొంగదీసే పెద్ద విద్య!

ఇంకో సంగతి చెబితే మీరు నవ్వుతారు. పేరుమోసిన అమెరికా స్టేక్ హౌసుల్లో మాంసాన్ని చల్లటి గదిలో వారాల తరబడి, 28 రోజుల దాకా కూడా ఆరబెట్టి అప్పుడు కాలుస్తారు. మెత్తబడుతుందట, రుచి ముదురుతుందట. జగ్గయ్యపేటలో ఆదివారం పొద్దున పది దాటాక కొట్లో ముక్క మిగిలితే జనం అనుమానంగా చూస్తారు!

అసలు కత్తీ ఫోర్కుల దర్జా కూడా మొదటి నుంచీ ఉన్నది కాదు. న్యూయార్కులో డెల్మోనికోస్ లాంటి హోటళ్ళు 1830ల నుంచే తెల్లటి గుడ్డలు పరిచి, అచ్చు వేసిన మెనూలు చేతికిచ్చేవి. కాని అదే ఊళ్ళో 19వ శతాబ్దం చివర్లో ‘బీఫ్‌స్టేక్’ అనే విందులు జరిగేవి. మగవాళ్ళంతా ఏప్రన్లు కట్టుకుని, పెట్టెల మీద కూర్చుని, కత్తీ ఫోర్కూ లేకుండా రెండు చేతులతో స్టేక్ లాగించేవాళ్ళు. వేళ్ళు ఆ ఏప్రన్లకే తుడుచుకునేవాళ్ళు! 1920లో ఆడవాళ్ళకి ఓటుహక్కు వచ్చాక వాళ్ళూ ఆ విందులకి రావడం మొదలైంది, ఆ వెనకే కత్తులూ ఫోర్కులూ వచ్చాయి. స్టేక్ తాతలు చేత్తోనే తిన్నారు బాబూ! మనమెందుకు సిగ్గుపడాలి?

మన దేశంలో స్టేక్ పరిచయమైంది చాలామందికి సిజ్లర్ వేషంలో. పొగలు కక్కుతూ చర్రుమని శబ్దం చేస్తూ వచ్చే ఆ ఇనప పళ్ళేన్ని 1960ల్లో బొంబాయిలో అలవాటు చేసింది ఫిరోజ్ ఇరానీ. హైదరాబాదుకైతే తన సొంత స్టేక్ ఎప్పటినుంచో ఉంది, పత్థర్ కా గోష్. కాలిన రాతిపలక మీద వేటమాంసాన్ని పల్చగా పరిచి కాల్చేది. నిజాం వేటకి వెళ్ళినప్పుడు పుట్టిందని కథ చెబుతారు.

నాన్న వచ్చిన రోజు

ఇక అసలు సంగతి. నిరుడు నాన్న కంటి పరీక్షకి హైదరాబాదు వచ్చాడు. అదే వారం ఒక పత్రిక నుంచి ఏడాదిగా రావలసిన డబ్బులు వచ్చాయి. ఒకేసారి అంత మొత్తం చూసి చాలా రోజులైంది. నాన్నని ఆ స్టేక్ హౌస్‌కే తీసుకెళ్దామని నిశ్చయించుకున్నాను.

చెప్పొద్దూ, ఆ భోజనం వెనక నా స్వార్థమూ ఉంది. జగ్గయ్యపేట పక్కన సిమెంటు ఫ్యాక్టరీలో అకౌంట్సు ఉద్యోగం ఒకటి ఖాళీ ఉందని మా మేనమామ కబురు చేశాడు. నేను బీకాం. నాన్న జేబులో ఆ కాగితం ఉందని నాకు తెలుసు. నాకు వచ్చిన సంబంధాలన్నీ ఒక్క చోటే ఆగిపోతున్నాయి.

“అబ్బాయి ఏం చేస్తాడు?”

“రాస్తాడండీ.”

“ఏం రాస్తాడు? గ్రూప్ టూ నా?”

నాన్న ఈ మాట ఎన్ని పెళ్ళిళ్ళలో విన్నాడో! ఆ సాయంత్రం కాగితం బయటికి వస్తుందని నాకు తెలుసు. అది రాకముందే, నా రాతలు కూడా ఒక మంచి భోజనం పెట్టగలవని ఆయనకి చూపించాలనుకున్నాను.

తలుపు తీసి పట్టుకున్న మనిషికి నాన్న నమస్కారం పెట్టాడు. లోపల కూర్చున్నాక చుట్టూ చూసి, “కరెంటు పోయిందా ఏందిరా?” అన్నాడు. మెనూ తీసుకుని, టికెట్ల రేట్లు చదివే అలవాటు కదా, కుడిపక్క అంకెలే ముందు చదివాడు. కిందికి చదువుతున్నకొద్దీ కళ్ళజోడు ముందుకి జారింది.

బీఫ్ అని రాసి ఉన్న చోట ఆగాడు. మన హోటళ్ళలో ఆ పేరుతో ఇచ్చేది ఎక్కువగా గేదె మాంసం. ఉమ్మడి రాష్ట్రంలో 1977లో వచ్చిన చట్టం ఆవుని కొయ్యడాన్ని నిషేధించింది. కొందరు తింటారు, కొందరు తినరు. ఎవరిష్టం వాళ్ళది. నాన్న తినడు. “పొట్టేలు ఉందా?” అన్నాడు. లాంబ్ చాప్స్ ఉన్నాయన్నాడు కుర్రాడు. “చాప్స్ అంటే? వెన్ను పక్కదా, తొడదా?” కుర్రాడు తడబడ్డాడు. లోపలికి వెళ్ళి కనుక్కుని వచ్చి “పక్కటెముకలతో ఉండే వెన్ను కండ సార్” అన్నాడు. నాన్న తలూపాడు. “అయితే మెత్తగానే ఉంటది.” నాకు చేప చెప్పాను.

అప్పుడొచ్చింది ఆ ప్రశ్న. “ఎలా చేయించమంటారు సార్? మీడియం? వెల్‌డన్?”

నాన్న మాట్లాడలేదు. నా గుండె కొట్టుకోవడం మొదలైంది. నందిగామ హాల్లో ఎగిరిన కోడికాలు, ఆ నవ్వులు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నేనే చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో నాన్న చెయ్యెత్తి నన్నాపాడు.

“ఎట్టా కావాలంటే... లోపల పచ్చి ఉండకూడదు. అట్టాగని ఎండిపోకూడదు. పది నిమిషాల్లో నమిలి లేచేట్టు ఉండాల.”

కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించి, “అయితే మీడియం వెల్ సార్” అని రాసుకున్నాడు. నలుగురు విలేకర్లం చెప్పలేకపోయిన జవాబుని రిటైర్డు కండక్టరు బస్సు హాల్టు కొలతతో చెప్పేశాడు!

ముక్కలొచ్చాయి. నాన్న కత్తితో ఒకసారి ప్రయత్నించాడు. ఎముక దగ్గర అది సాగలేదు. కత్తిని పళ్ళెం అంచున జాగ్రత్తగా ఆనించి, ఎముక చివర పట్టుకుని చేత్తో తిన్నాడు. నేను ఓరగా చుట్టూ చూశాను. ఎవరూ చూడలేదు. పక్క టేబుల్ దంపతులు వాళ్ళ ఫోన్లలో వాళ్ళున్నారు. ఏ కోడికాలూ ఎగరలేదు. నిమ్మకాయ నీళ్ళు వస్తే నాన్న నా వైపు చూసి కన్నుగీటి మరీ చేతులు కడుక్కున్నాడు! ఆ సినిమా ఆయనకీ గుర్తుందన్నమాట.

“నువ్వు తిన్నావా బాబూ?” అన్నాడు, పళ్ళేలు తియ్యడానికి వచ్చిన కుర్రాడితో.

కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. “లేదు సార్. పదకొండున్నర దాటాక. మాకు అన్నం, పప్పు.”

అతను వెళ్ళాక నాన్న కాసేపు మంచినీళ్ళ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. “హోటళ్ళల్లో మాకు ముందు పెట్టేవాళ్ళు. ఊరికే పెట్టేవాళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళు తిన్నా. ఎట్టా కావాలని మాత్రం ఎవరూ అడగలా. ఊరికే పెట్టే కూడుకి అడిగేదేముంది” అన్నాడు. ఆ మాటలో ఫిర్యాదు లేదు. ఉన్న సంగతి చెప్పాడంతే.

తర్వాత నా వైపు తిరిగి, “మీ మామ చెప్పిన ఉద్యోగం సంగతి నీకు తెలుసుగా. కాగితం తెచ్చా. సరే, అది ఉండనియ్. నీకెట్టా కావాలనుంది?” అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి వినడం ఆ ప్రశ్న, ఆ నోటి నుంచి.

బిల్లు వెనక లెక్క

నేను కవిత్వం చెప్పలేదు. అంకెలు చెప్పాను. నెలకి అద్దెంత, తిండికెంత, ఎన్ని వ్యాసాలు రాస్తే ఎంత వస్తుంది, ఎన్ని నెలలు ఆలస్యంగా వస్తుంది. సినిమాల మీద రాయడం వదిలిపెట్టాలని లేదని, ఇంకో రెండేళ్ళు చూడాలనుందని చెప్పాను.

బిల్లు వచ్చింది. 3,800 భోజనం, 190 జీఎస్టీ, దాని కింద ఇంకో 380. “ఇదేంది? పన్ను పైన రాశాడుగా?” అన్నాడు నాన్న. సర్వీసు చార్జి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ హోటళ్ళు దీన్ని బిల్లులో వాటంతట అవే కలపకూడదని చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఆ మాట మర్యాదగా చెబితే మారుమాట్లాడకుండా తీసేశారు. నాన్న మాత్రం రెండు వందలు తీసి ఆ కుర్రాడి చేతిలోనే పెట్టాడు. “ఎవరికి పోవాలో వాళ్ళకే పోవాలిరా డబ్బు” అన్నాడు.

“3,990. ఇది నీకు ఎన్ని వ్యాసాల డబ్బు?”

“ఒక్కోదానికి పదిహేను వందలు. రెండున్నర పైన.”

నాన్న బిల్లు తిరగేసి, జేబులోంచి పెన్ను తీసి, వే బిల్లు రాసినట్టు నిలువుగా అంకెలు వేశాడు. కూడాడు. తీసేశాడు. ఒకచోట సున్నా చుట్టాడు. ఎంతసేపు చూశాడో! కిచెన్లోంచి చర్రుమనే చప్పుడు వినపడుతోంది.

“ఆక్యుపెన్సీ తక్కువే” అన్నాడు చివరికి. “అయినా ఇప్పుడే రూటు ఎత్తెయ్యక్కర్లేదు.”

ఆర్టీసీలో పనిచేసినవాళ్ళు ఇంట్లో ఉంటే ఆ మాట విలువ వాళ్ళని అడగండి. మేనమామ కాగితం నాన్న జేబులోనే నందిగామ తిరిగి వెళ్ళింది. చింపలేదు. బయటికీ తియ్యలేదు.

మీరూ వెళితే...

జీతం వచ్చిన రోజునో, స్నేహితుడి పుట్టినరోజునో మీకూ ఒకసారి వెళ్ళాలనిపించవచ్చు. వెళ్ళండి. తప్పేముంది? వెళ్ళే ముందు ఫోన్లో మెనూ చూసుకుని మీ జేబుకి తూగే ఐటమ్ ఒకటి అనుకుని వెళ్ళండి. ఏ మాంసమో మొహమాటం లేకుండా అడగండి. మాంసం తిననివాళ్ళకి పనీరు స్టేకులూ పెడుతున్నారు. మామూలు నీళ్ళు చాలని చెప్పండి, లేకపోతే సీసా నీళ్ళు తెచ్చి బిల్లులో కలుపుతారు. విడిగా ఉండే రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతం. రోజు అద్దె 7,500 దాటిన గదులుండే స్టార్ హోటల్లో అయితే 18. ఎముక ఉంటే చేత్తో తినండి. ఎవరైనా చూస్తే ఆ న్యూయార్కు తాతల్ని తలుచుకోండి.

ఎలా కావాలని అడిగినప్పుడు మాత్రం పక్కవాడి మొహం చూడకండి. రేర్, మీడియం అన్న మాటలు గుర్తు లేకపోయినా ఫరవాలేదు. మీ మాటల్లో మీరు చెప్పండి. దాన్ని మెనూ భాషలోకి మార్చుకోవడం వాళ్ళ పని.

మొన్న దసరాకి నందిగామ వెళ్ళాను. ఆదివారం. పొయ్యి మీద మటను, గిన్నె చుట్టూ గోంగూర వాసన. నాన్న వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి నాతో అంటున్నాడు. “ముక్క ఎట్టా ఉడికించమంటావురా? మీడియమా, వెల్‌డనా?”

అమ్మ గరిటె ఎత్తింది. “ఇదేమన్నా హోటలనుకున్నారా? పెట్టింది తిని లేవండి, తండ్రీ కొడుకులిద్దరూ!”